బ్లెండర్ తెర మీద చూసిన వెలుగు ఫైలులోకి ఎంతవరకు వస్తుంది?

గత కార్తీక మాసంలో ఒక ఇంటీరియర్ డిజైనర్ కోసం పూజ గది చిత్రం ఒకటి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తయారు చేశాను. ఇత్తడి కుందిలో వెలుగుతున్న దీపం, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప, వెనుక సున్నం వేసిన తెల్లటి గోడ ఉన్న ఆ చిత్రం నా తెర మీద నేను కోరుకున్నట్టే కనిపించింది. దానిని ఖాతాదారుకు చూపించడానికి పీఎన్‌జీగానూ, తుది మెరుగులు దిద్దే మిత్రుడికి ఇవ్వడానికి ఓపెన్‌ఈఎక్స్‌ఆర్‌గానూ భద్రపరిచాను. పీఎన్‌జీ చూసినవారు బాగుందన్నారు. ఈఎక్స్‌ఆర్ తెరిచిన మిత్రుడు మాత్రం ఫోన్ చేసి, గది అంతా చీకటిగా ఉందనీ, దీపం జ్వాల పసుపు కాగితం కత్తిరించి అతికించినట్టు ఉందనీ చెప్పాడు. రెండు ఫైళ్లూ ఒకే రెండర్ (దృశ్యాన్ని లెక్కగట్టి చిత్రంగా మార్చే ప్రక్రియ) నుంచి, ఒకే నిమిషంలో వచ్చినవి. తప్పు నాదేనని ఆ సాయంత్రమే తేలింది. అయితే అలాంటి తప్పు చేయడం ఇంత సులువుగా ఎందుకు ఉందో చూడాలని, బ్లెండర్‌లో లెక్కించిన కాంతిని తెర రంగులుగా మార్చే కలర్ మేనేజ్‌మెంట్ విభాగాన్ని కొన్ని వారాలపాటు పట్టి పట్టి పరీక్షించాను. ఈ సమీక్ష ఆ ఒక్క విభాగానికే పరిమితం. మోడలింగ్ గురించీ యానిమేషన్ గురించీ ఇందులో ప్రస్తావన ఉండదు.

బ్లెండర్ ఉచితమన్నదీ, దాని మూలం అందరికీ అందుబాటులో ఉంటుందన్నదీ పాఠకులకు తెలిసినవే. నేను పరీక్షకు వాడినది దీర్ఘకాలిక మద్దతు ఉన్న 4.2 వెర్షన్. రెండర్ ప్రాపర్టీస్ ట్యాబ్‌లో అన్నిటికన్నా అడుగున, ఎవరూ అంత దూరం స్క్రోల్ చేయని చోట, కలర్ మేనేజ్‌మెంట్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో డిస్‌ప్లే డివైస్, వ్యూ ట్రాన్స్‌ఫార్మ్, లుక్, ఎక్స్‌పోజర్, గామా అనే అయిదు ప్రధాన అమరికలు కనిపిస్తాయి. తెర మీది చిత్రానికీ బయటికి వచ్చిన ఫైలుకూ మధ్య వచ్చే తగాదాల్లో చాలా భాగం ఈ అయిదింటి దగ్గరే పుడతాయి కాబట్టి, ఇంత ముఖ్యమైన పెట్టెను ఇంత మూలన పెట్టడమే నా మొదటి అభ్యంతరం.

అసలు విషయానికి వస్తే, సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్ రంగులను లెక్కించదు, కాంతిని లెక్కిస్తుంది. దీపం బలాన్ని రెట్టింపు చేస్తే గోడ మీద పడే సంఖ్య కూడా సరిగ్గా రెట్టింపవుతుంది. ఆ సంఖ్యకు పైన హద్దు లేదు. నీడలో 0.02 ఉన్న చోటు పక్కనే జ్వాల మధ్యలో 40 ఉండవచ్చు. మన తెరకు మాత్రం 0 నుంచి 255 వరకు ఉన్న మెట్లే తెలుసు, అవి కూడా కాంతికి సమానమైన దూరాల్లో పేర్చిన మెట్లు కావు. పడిన కాంతిలో 18 శాతాన్ని తిప్పి పంపే బూడిద రంగు అట్ట మన కంటికి నలుపు తెలుపుల నడిమధ్యన ఉన్నట్టు తోస్తుంది. అందుకే 0.18 అనే కాంతి విలువను, తెరల రంగులకు వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం 118వ మెట్టు మీద కూర్చోబెడుతుంది. ఆ సర్దుబాటునే మనవాళ్లు వాడుకలో గామా అంటారు. సర్దుబాటు జరగకపోతే అదే 0.18 కాస్తా 46వ మెట్టు దగ్గర పడి, చిత్రమంతా అమావాస్య రాత్రిలా కనిపిస్తుంది. పొరపాటున రెండుసార్లు జరిగితే 181 దగ్గరకు ఎగబాకి, పాలు ఎక్కువైన టీలా వెలిసిపోతుంది. 46, 118, 181 అనే ఈ మూడు సంఖ్యలను గుర్తుంచుకున్నవారు, చిత్రం చెడిపోయినప్పుడు గామా ఎక్కడైనా తప్పిపోయిందా లేక రెండుసార్లు పడిందా అన్నది రంగు విలువ చదివే ఐడ్రాపర్‌తో ఒక్క చుక్క తీసి చెప్పగలుగుతారు.

ఈ గామా అనేది ఎక్కడి నుంచి వచ్చిందన్న చరిత్ర పెద్దదే గానీ ఇక్కడ కొద్దిగా చాలు. పాత గాజు గొట్టాల తెరలు వోల్టేజీకి నేరుగా కాక, దాని ఘాతానికి అనుగుణంగా వెలిగేవి. ఆ స్వభావాన్ని పరిగణనలోకి తీసుకుని హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని వంపు మొత్తం మీద 2.2 ఘాతానికి దగ్గరగా ఉన్నా సరిగ్గా అదే కాదు. అడుగున నీడల దగ్గర చిన్న సరళరేఖ ముక్క ఉంటుంది. యాపిల్ కంప్యూటర్లు 2009లో స్నో లెపర్డ్ వచ్చే వరకు 1.8 గామాను వాడేవి కాబట్టి, ఆ కాలంలో విండోస్‌లో చేసిన చిత్రం మ్యాక్‌లో లేత పడేది. ఆ తగాదా తీరి చాలా కాలమైంది.

ఇప్పుడున్న తగాదా మరొకటి. తెర మెట్లకు సర్దడం ఒక పని అయితే, 40 విలువ ఉన్న జ్వాలను 1.0 దగ్గర ఆగిపోయే తెరలో ఎలా ఇమడ్చాలన్నది రెండో పని. ఈ రెండో పనిని చేసేది వ్యూ ట్రాన్స్‌ఫార్మ్. అందులోని ఎంపికల్లో స్టాండర్డ్ అనేది మొదటి పని మాత్రమే చేసి, 1.0 దాటినదాన్ని నిర్దాక్షిణ్యంగా నరికేస్తుంది. నరకడం ఎరుపు, పచ్చ, నీలం పాళ్లలో విడివిడిగా జరుగుతుంది కాబట్టి, నారింజ వెలుగులో ఎరుపు ముందు తెగి, తర్వాత పచ్చ తెగి, చివరికి మిగిలేది చదునైన పసుపు. మిత్రుడు చూసిన కాగితపు జ్వాల అదే. ట్రాయ్ సోబొట్కా రూపొందించిన ఫిల్మిక్ అనే మరో ఎంపిక 2017లో వచ్చిన 2.79తో బ్లెండర్‌లో భాగమై, 2019 నాటి 2.80 నుంచి కొత్త ఫైళ్లకు తానే మొదటి ఎంపికగా నిలిచింది. 2023 నవంబరులో విడుదలైన 4.0లో ఆ స్థానం ఏజీఎక్స్‌కు వెళ్లింది. ఫోటో ఫిల్మ్‌లో ఉండే సిల్వర్ హాలైడ్ సంకేతమే ఆ పేరు. బ్లెండర్ కరదీపిక ప్రకారం ఇది 16.5 స్టాపుల వెలుగు వ్యాప్తిని ఇముడ్చుకుంటుంది. ఒక్కో స్టాపు రెట్టింపు కాబట్టి, అత్యంత చీకటికీ అత్యంత వెలుగుకూ మధ్య దాదాపు 92 వేల రెట్ల తేడా అన్నమాట. వెలుగు పెరిగే కొద్దీ రంగు గాఢత తగ్గించి తెలుపు వైపు తీసుకెళ్లడం దాని స్వభావం; దీపం జ్వాల మధ్యలో తెల్లగా, అంచుల్లో నారింజగా మనం నిజంగా చూసే తీరుకు ఇది చాలా దగ్గర.

పరీక్ష కోసం చేసింది చాలా సాధారణమైన ఏర్పాటు. వెలుగులేవీ లేని దృశ్యంలో, తమంతట తామే వెలిగే ఎమిషన్ పలకలను వరుసగా పేర్చి, వాటి విలువలను 0.02, 0.05, 0.18, 0.5, 1, 2, 5, 10గా పెట్టి, పీఎన్‌జీగా రెండర్ చేసి, మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చుక్క చుక్కకూ విలువ చదివాను. స్టాండర్డ్‌లో లెక్క ప్రకారం రావలసినవి 39, 63, 118, 188, 255, వచ్చినవీ అవే. అక్కడక్కడా ఒక మెట్టు అటూ ఇటూ ఊగడం చూసి మొదట అనుమానించాను గానీ, అది డిథర్ అనే అమరిక పని. రంగుల మధ్య చారలు పడకుండా ఉండేందుకు బ్లెండర్ కావాలనే చల్లే సన్నని ఇసుక అది, దానిని సున్నా చేస్తే ఊగిసలాట ఆగిపోతుంది. స్టాండర్డ్‌లో 1 నుంచి 10 వరకు ఉన్న పలకలన్నీ ఒకే 255గా కలిసిపోగా, ఏజీఎక్స్‌లో 2, 5, 10 వేర్వేరుగా కనిపించాయి. అందుకు చెల్లించిన మూల్యం ఏమిటంటే, 1.0 విలువ ఉన్న తెల్ల పలక 255కు చాలా ముందే ఆగి, కొంచెం మసకబారిన తెలుపుగా మిగిలింది. ఏ ట్రాన్స్‌ఫార్మ్ పెట్టినా రెండర్ కిటికీలో కనిపించిన విలువకూ పీఎన్‌జీలో రాసిన విలువకూ తేడా లేదు. ఈ విషయంలో బ్లెండర్‌కు నిస్సంకోచంగా పూర్తి మార్కులు వేస్తాను. ‘తెర మీద ఒకలా, పీఎన్‌జీలో ఇంకోలా ఉంది’ అని ఎవరైనా అంటే, తేడా బ్లెండర్ లోపల కాక ఆ పీఎన్‌జీని చూస్తున్న చోట ఉండే అవకాశమే ఎక్కువ.

ఈఎక్స్‌ఆర్ దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ 2003లో అందరికీ విడుదల చేసిన ఈ ఫార్మాట్ కాంతి విలువలను ఉన్నవున్నట్టు దాచడానికే పుట్టింది. అందువల్ల బ్లెండర్ అందులోకి వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను గానీ, లుక్‌ను (దాని మీద అదనంగా వేసే కాంట్రాస్ట్ వంటి సవరణను) గానీ, కలర్ మేనేజ్‌మెంట్ పెట్టెలోని ఎక్స్‌పోజర్‌ను గానీ రాయదు. ఇది సరైన పద్ధతే. నేను ఆ పూజ గదిని కాంతివంతం చేయడానికి దీపాల బలం పెంచకుండా, బద్ధకించి, ఎక్స్‌పోజర్‌ను 1.5 చేశాను. 1.5 స్టాపులంటే 2.83 రెట్లు. పీఎన్‌జీలో ఆ పెంపు కలిసిపోయింది, ఈఎక్స్‌ఆర్‌లో కలవలేదు; మిత్రుడికి గది దాదాపు మూడో వంతు వెలుగుతో చేరింది. ఇక్కడే మరో చిక్కు ఉంది. సైకిల్స్ అమరికల్లో, ఫిల్మ్ అనే శీర్షిక కింద, ఇదే ఎక్స్‌పోజర్ పేరుతో ఇంకొక గడి ఉంటుంది. అది స్టాపుల్లో కాక నేరుగా రెట్లలో పనిచేస్తుంది, పైగా కాంతి విలువలనే మారుస్తుంది కాబట్టి దాని ప్రభావం ఈఎక్స్‌ఆర్‌లోకి కూడా వెళ్తుంది. ఒకే ట్యాబ్‌లో, ఒకే పేరుతో, రెండు వేర్వేరు కొలమానాలతో, ఒకటి ఫైలులోకి వెళ్లేదీ ఒకటి వెళ్లనిదీ అయిన రెండు గడులు ఉండటాన్ని నేను ఎంత ఓపికగా ఆలోచించినా సమర్థించలేకపోతున్నాను. కనీసం ఒకదాని పేరైనా మార్చి ఉండవలసింది.

ఈఎక్స్‌ఆర్‌ను తెరిచే సాఫ్ట్‌వేర్ కూడా తన వంతు గందరగోళం చేస్తుంది. ఉదాహరణకు గింప్ అనే చిత్ర సవరణ సాఫ్ట్‌వేర్ దానిని సరళ కాంతిగా (గామా సర్దుబాటు పడని విలువలుగా) గుర్తించి, ఎస్‌ఆర్‌జీబీకి సర్ది చూపిస్తుంది. అంటే బ్లెండర్‌లోని స్టాండర్డ్‌కు సమానమైన దృశ్యం కనిపిస్తుందే తప్ప ఏజీఎక్స్ కనిపించదు. దీనికి శాస్త్రీయమైన పరిష్కారం ఉంది. బ్లెండర్ రంగుల లెక్కలన్నీ ఓపెన్‌కలర్‌ఐఓ అనే ఉమ్మడి వ్యవస్థ మీద నడుస్తాయి. సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్‌లో మొదలై, 2010లో అందరికీ తెరిచిన ఈ వ్యవస్థను న్యూక్ వంటి సినిమా సాఫ్ట్‌వేర్లు కూడా అర్థం చేసుకుంటాయి. బ్లెండర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో, డేటాఫైల్స్ లోపల కలర్‌మేనేజ్‌మెంట్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ మొత్తం ఫోల్డర్‌ను అవతలి వ్యక్తికి పంపి, అతని సాఫ్ట్‌వేర్‌కు ఆ దారి చూపిస్తే, అక్కడా అదే ఏజీఎక్స్, అవే లుక్‌లు జాబితాలో ప్రత్యక్షమవుతాయి. ఇంత చక్కని సదుపాయం గురించి బ్లెండర్ తెర మీద ఎక్కడా ఒక్క ముక్క కనిపించదు. తెలిసినవారు చెబితే తెలుసుకోవలసిందే.

ఇక గామా గడి. ఈ సమీక్షలో నేను కాస్త కటువుగా మాట్లాడేది దీని గురించే. దాని సహజ విలువ 1.0. గామా అంటే 2.2 అని ఎక్కడో విన్న కొత్తవారు దానిని చూడగానే, ఎవరో మరిచిపోయి 1.0గా వదిలేశారనుకుని, 2.2 అని టైపు చేస్తారు. నేనూ మొదటి ఏడాది అదే చేసి, చిత్రాలు వెలిసిపోతుంటే దీపాల బలం తగ్గించుకుంటూ పోయాను. ఎస్‌ఆర్‌జీబీ సర్దుబాటు డిస్‌ప్లే డివైస్ దగ్గరే అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఈ గడి దాని తర్వాత, అదనంగా, కేవలం రుచి కోసం చేసుకునే సవరణ. అందులో 2.2 పెడితే స్టాండర్డ్‌లోని 118 కాస్తా 179కి చేరుతుంది. తాలింపు వేసిన పప్పుకు మళ్లీ తాలింపు వేయడం లాంటిది. కరదీపికలో ఈ వివరణ ఉంది, కానీ కరదీపిక చదివి గడులు నింపేవారు ఎంతమంది? దానిని అదనపు అమరికల చాటున దాచినా, కనీసం వేరే పేరు పెట్టినా, ప్రపంచవ్యాప్తంగా ఎన్నో వెలిసిపోయిన చిత్రాలు తప్పేవని నా నమ్మకం.

రెండుసార్లు తాలింపు పడే మరో చోటు, పూర్తయిన చిత్రాన్ని తిరిగి బ్లెండర్‌లోకి తెచ్చుకోవడం. ఏజీఎక్స్‌తో భద్రపరిచిన పీఎన్‌జీని అదే దృశ్యంలో, చిత్రాలను కలిపి సవరించే కంపోజిటర్‌లోకి తీసుకుని మళ్లీ రెండర్ చేస్తే, దాని మీద ఏజీఎక్స్ రెండోసారి పడి, తెలుపు మసకబారి, మొత్తం చిత్రం బూడిద పూసినట్టు తయారవుతుంది. వీడియో ఎడిటింగ్ కోసం బ్లెండర్ ఇచ్చే ప్రత్యేక నమూనా ఫైలులో స్టాండర్డ్ పెట్టి ఉండటానికి కారణం ఇదే. మామూలు ఫైలులో ఎడిటింగ్ మొదలుపెట్టేవారికి ఆ రక్షణ ఉండదు. సిద్ధమైన చిత్రాలతో పనిచేసేటప్పుడు స్టాండర్డ్‌కు మారడం ఒక దారి. కాంతి లెక్కలే కావాలంటే మొదటి నుంచీ ఈఎక్స్‌ఆర్ వాడటం రెండో దారి. మూడోది కూడా ఉంది: తెచ్చుకున్న చిత్రపు కలర్‌స్పేస్ జాబితాలో ఏజీఎక్స్ బేస్ ఎస్‌ఆర్‌జీబీ అనే ఎంపిక తీసుకుంటే, ముందు పడిన ఏజీఎక్స్‌ను విప్పి చదువుతుంది. అయితే 256 మెట్లలోకి ఒకసారి కుదించినదాన్ని విప్పినప్పుడు వెలుగు భాగాల్లో సూక్ష్మత పూర్తిగా తిరిగి రాదు కాబట్టి, దానిని అత్యవసర వైద్యంగానే చూడాలి.

ఖాతాదారుల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది మాత్రం వెలుగు గురించి కాదు, తమ సంస్థ చిహ్నం రంగు మారిందని. వారు ఇచ్చిన కుంకుమ ఎరుపును హెక్స్ సంఖ్యగా (# గుర్తుతో రాసే రంగు సంకేతంగా) నమోదు చేసి గోడ మీద బోర్డుగా పెడితే, ఏజీఎక్స్ దానిని కొంత చప్పగా మార్చి చూపిస్తుంది. ఫోటో తీసినా అలాగే ఉంటుందని వాదించవచ్చు గానీ, డబ్బులిచ్చే వ్యక్తి ముందు ఆ వాదన నిలవదు. పైగా 4.2లో రంగు ఎంచుకునే పలకలో హెక్స్ సంఖ్య ఎస్‌ఆర్‌జీబీ మెట్లలోనూ, దాని పక్కన ఉన్న ఎరుపు, పచ్చ, నీలం విలువలు సరళ కాంతిలోనూ ఉంటాయి. హెక్స్‌లో సరిగ్గా నడిమి బూడిద రంగును ఇస్తే, పక్క గడుల్లో 0.5కు బదులు 0.216 కనిపిస్తుంది. బ్రాండ్ పుస్తకంలోని 0–255 విలువలను 255తో భాగించి ఆ గడుల్లో నేరుగా నింపినవారికి రంగులన్నీ లేత పడటానికి కారణం ఇదే. హెక్స్ వాడితే ఆ ఇబ్బంది లేదు. 2024 జులైలో వచ్చిన 4.2తోనే జాబితాలో చేరిన క్రోనోస్ పీబీఆర్ న్యూట్రల్ అనే ట్రాన్స్‌ఫార్మ్, ఆన్‌లైన్ దుకాణాల్లో వస్తువుల అసలు రంగు నిలబడాలన్న ఉద్దేశంతో తయారైంది. సాధారణ వెలుగులో రంగును దాదాపు అలాగే ఉంచి, మెరుపుల దగ్గర మాత్రమే నెమ్మదిగా మడుస్తుంది. చీరలు, పెయింట్ డబ్బాలు, ప్యాకింగ్ డిజైన్ల వంటి పనులకు ఇప్పుడు నేను మరో ఆలోచన లేకుండా దీనినే ఎంచుకుంటున్నాను. రాత్రి దృశ్యాలకూ దీపాలకూ మాత్రం ఏజీఎక్స్‌కు సాటి లేదు. ఏజీఎక్స్ చప్పగా ఉందనేవారు లుక్ జాబితాలో మీడియం హై కాంట్రాస్ట్ ఎంచుకుని చూసి అప్పుడు మాట్లాడాలని నా మనవి. దాని సహజ స్థితి కావాలనే మెత్తగా ఉంచినది.

పాత ఫైళ్ల విషయంలో బ్లెండర్ మర్యాదగా ప్రవర్తిస్తుంది. ఫిల్మిక్ కాలంలో భద్రపరిచిన ఫైలును 4.2లో తెరిస్తే ఫిల్మిక్‌గానే ఉంటుంది. అందులోని వస్తువులను కొత్త ఫైలులోకి తెచ్చుకున్నప్పుడు మాత్రం అవి ఏజీఎక్స్ కిందకు వచ్చి వేరుగా కనిపిస్తాయి. మెటీరియల్ చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. అలాగే పని చేసుకునే తెరలో వస్తువులను సాదాగా చూపే సాలిడ్ మోడ్‌కు దృశ్యపు వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ వర్తించదు కాబట్టి, అక్కడి రంగుతో తుది చిత్రాన్ని పోల్చడం దండగ. వెలుగు సరిగ్గా ఉందో లేదో కంటితో తేల్చుకోలేనప్పుడు ఫాల్స్ కలర్ అనే వ్యూ ఎంతో ఉపకరిస్తుంది. అది వెలుగు స్థాయిలను రంగుల పటంగా మార్చి, నడిమి బూడిద స్థాయిలో ఉన్నదాన్ని బూడిదగానే చూపుతుంది. తెర ఎంత మసకగా ఉన్నా, గదిలో ట్యూబులైటు వెలుగుతున్నా ఆ పటం అబద్ధం చెప్పదు. చూసిన తర్వాత తిరిగి ఏజీఎక్స్‌కు మార్చడం మరిచిపోతే ఆ రంగుల పటమే పీఎన్‌జీగా బయటికి వస్తుందని అనుభవంతో చెబుతున్నాను.

టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలానికి అతికించే చిత్రాలు) బేక్ చేసేవారు, అంటే లెక్కించిన ఫలితాన్ని అలాంటి చిత్రంలోకి ముద్రించేవారు, ఇంకో మాట తెలుసుకోవాలి. చిత్రాన్ని భద్రపరిచే కిటికీలో సేవ్ యాజ్ రెండర్ అనే గడికి టిక్కు ఉంటే, వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ ఆ టెక్స్చర్‌లోకి దిగిపోతుంది. గేమ్ ఇంజిన్‌లోకి వెళ్లాక అక్కడి ట్రాన్స్‌ఫార్మ్ దాని మీద మళ్లీ పడుతుంది. టెక్స్చర్‌కు ఆ టిక్కు ఉండకూడదు. అలాగే ఉపరితలపు గరుకుతనాన్నీ ఎగుడుదిగుళ్లనూ చెప్పే రఫ్‌నెస్, నార్మల్ వంటి పటాలకు కలర్‌స్పేస్ నాన్-కలర్ అని ఉండాలి. రఫ్‌నెస్ పటాన్ని పొరపాటున ఎస్‌ఆర్‌జీబీగా వదిలేస్తే 0.5 అన్న విలువను బ్లెండర్ 0.21గా చదువుతుంది, నాపరాయి గచ్చు గ్రానైట్‌లా మెరుస్తుంది. వెలుగు తేడా అనిపించేది ఒక్కోసారి ఇలా ఉపరితలం తేడా అయి ఉంటుంది.

ఫైలు బ్లెండర్ గడప దాటిన తర్వాత జరిగేదానికి ఆ సాఫ్ట్‌వేర్‌ను నిందించలేం. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం ఊహించుకున్న తెర వెలుగు చదరపు మీటరుకు 80 క్యాండెలాలు, చుట్టూ ఉన్న గది వెలుగు 64 లక్సులు. కిటికీ తెరలు వేసిన గదిలో మసక దీపం పెట్టుకుని కూర్చున్నట్టన్నమాట. మధ్యాహ్నం ఎండలో, సైటు దగ్గర, ఫోనులో చిత్రం చూసే బిల్డరు పరిస్థితికీ దీనికీ పొంతనే లేదు. విశాలమైన రంగుల వ్యాప్తి ఉన్న ఫోన్లలో కొన్ని యాప్‌లు రంగులను సాగదీసి గాఢంగా చూపిస్తాయి. కంటికి హాయి అన్న పేరుతో రాత్రివేళ తెరను పసుపు చేసే సదుపాయం సరేసరి. నేను పని చేసే మానిటర్‌ను దాని మెనూలోనే ఉన్న ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో ఉంచి, వివిడ్ వంటివన్నీ ఆపేసిన తర్వాత, నా తెరకూ ఇతరుల తెరలకూ ఉన్న తేడా గణనీయంగా తగ్గింది. ఇందుకు ఖర్చయింది ఏమీ లేదు. ఒకసారి బ్రోచర్ కోసం ప్రెస్సుకు పంపిన చిత్రం చీకటిగా అచ్చయి వచ్చినప్పుడు నేను గామానే అనుమానించాను గానీ, తేలింది ఏమిటంటే నా మానిటర్ వెలుగు నూటికి నూరు శాతం మీద ఉండటం వల్ల నేనే చిత్రాన్ని అవసరానికన్నా చీకటిగా తయారు చేశాను.

వేరే సాఫ్ట్‌వేర్లతో పోల్చమని అడిగేవారికి ఒక్క మాట. 3డీఎస్ మ్యాక్స్‌లో పాత గామా పద్ధతిలో చిత్రాన్ని భద్రపరిచే ప్రతిసారీ గామా ఆటోమేటిక్‌గా ఉండాలా, మనం ఇచ్చిన విలువా అని అడుగుతుంది. తెలిసినవారికి అది స్వేచ్ఛ, తెలియనివారికి అది గొయ్యి. బ్లెండర్‌లో ఆ ప్రశ్నే ఉండదు. కావాలనుకునేవారికి అవుట్‌పుట్ ట్యాబ్‌లో ఓవర్‌రైడ్ అనే మార్గం ఉంది. దాని ద్వారా తెర మీద ఏజీఎక్స్ చూస్తూనే ఫైలును స్టాండర్డ్‌గా రాయించవచ్చు. నేను దానిని వాడటం మానేశాను. తెర మీద ఒకటి, ఫైలులో ఒకటి కావాలని కోరుకోవడమంటే నెల తర్వాత నన్ను నేనే తికమక పెట్టుకోవడమే.

మొత్తం మీద అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. లెక్కల్లో నిజాయితీకి, ఏజీఎక్స్ నాణ్యతకు, ఉమ్మడి వ్యవస్థ మీద నడిచే తీరుకు ఆ నాలుగూ; ఒకే పేరున్న రెండు ఎక్స్‌పోజర్లకూ, ఆ గామా గడికీ కలిపి ఒకటి కోత. పూజ గది చిత్రం విషయానికి వస్తే, కలర్ మేనేజ్‌మెంట్‌లోని ఎక్స్‌పోజర్‌ను సున్నాకు తెచ్చి, దీపాల బలాన్నీ పరిసర కాంతినీ 2.83 రెట్లు పెంచి, కొత్త ఈఎక్స్‌ఆర్‌తో పాటు బ్లెండర్ రంగుల ఫోల్డర్‌ను కూడా మిత్రుడికి పంపాను. అతని తెర మీది విలువలనూ నా పీఎన్‌జీ విలువలనూ ఫోనులో ఒక్కొక్కటిగా చదువుకుని సరిచూసుకుంటే, గోడ తెలుపు దగ్గరా జ్వాల అంచు దగ్గరా ఒక మెట్టుకు మించి తేడా రాలేదు. గడప మీది కుంకుమ మాత్రం ఇద్దరికీ నచ్చలేదు. ఈసారి ఏజీఎక్స్‌ను అనడానికి లేదు, నేను ఎంచుకున్న రంగే కాస్త ఇటుక వైపు ఉంది.